అణువిద్యుత్ కేంద్రాలలో మద్యపరీక్ష - విశ్వసనీయత: నెల్లూరు తీరం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రమాదావకాశం అధికంగా ఉండే పనిప్రదేశాలలో సిబ్బంది మద్యం సేవించి విధులకు హాజరయ్యారా అన్న విషయాన్ని శ్వాసపరీక్షతో తేల్చడం నేడు సాధారణమైంది. ఈ పరీక్ష ఫలితం సరైనదా కాదా అన్నది యంత్రం ఒక్కదానిపైనే ఆధారపడదు. పరీక్షకు ముందు నిరీక్షణ, మొదటిదానితో సంబంధం లేని రెండవ పరీక్ష, యంత్ర క్రమాంకనం, విధిలో గడిచిన కాలాన్నిబట్టి మారే పరిమితి అనే అంశాలు కలిసి దాని విశ్వసనీయతను నిర్ణయిస్తాయి. అమెరికా అణు నియంత్రణ సంఘం నిబంధనలను, భారతదేశంలో రవాణారంగ అనుభవాలను ఆధారంగా చేసుకుని, విద్యుత్ కేంద్రాలు, ఓడరేవు విస్తరించిన నెల్లూరు తీరం నేపథ్యంలో ఈ అంశాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కీలకపదాలు: శ్వాసపరీక్ష, నోటి ఆల్కహాల్, నిర్ధారణ పరీక్ష, క్రమాంకనం, అణువిద్యుత్, కాంట్రాక్టు కార్మికులు, నెల్లూరు తీరం.

1. ఉపోద్ఘాతం:

మద్యం గురించి నెల్లూరు జిల్లాలో ఏ చర్చ జరిగినా దూబగుంట ప్రస్తావన రాక తప్పదు. 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రిబడులకు వెళ్ళిన మహిళలు వాచకంలోని సీతమ్మ కథను చదివి, తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరుతో ముడిపడిన ఆ ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి అది దారితీసింది. సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది. ఆ మహిళల వాదనలో నీతిబోధ కన్నా కూలి లెక్క ముఖ్యమైనది. మగవాడు తెచ్చే కూలి ఇంటికి చేరకముందే సారాకొట్టుకు చేరుతున్నదన్నది వారి ప్రధాన ఆరోపణ. శ్వాసపరీక్ష విషయంలోనూ కూలి ప్రశ్న వేరొక రూపంలో ఎదురవుతుంది కనుక ఈ నేపథ్యాన్ని గుర్తుచేయవలసి వచ్చింది.

అప్పటి తీరానికీ ఇప్పటి తీరానికీ పోలిక తక్కువ. ముత్తుకూరు మండలం నేలటూరు వద్ద శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు పనిచేస్తున్నాయి. సమీపంలోనే ప్రైవేటు థర్మల్ కేంద్రాలు, కృష్ణపట్నం ఓడరేవు ఉన్నాయి. దక్షిణాన పులికాట్ సరస్సు అంచున శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది. నెల్లూరు తీరంలో అణువిద్యుత్ కేంద్రం లేదు. అయితే గత దశాబ్దంలో, పశ్చిమ బెంగాల్‌లోని హరిపూర్‌కు ప్రత్యామ్నాయంగా రష్యన్ రియాక్టర్లకు కావలి ప్రాంతం పేరు వినిపించింది. ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వద్ద 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరింటిని నెలకొల్పే ప్రతిపాదన ఉంది. చెన్నై దాటిన తరువాత ఇదే కోరమాండల్ తీరంలో కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం 1980ల నుంచి విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నది. కనుక అణుకేంద్రానికి తగిన స్థాయి మద్యపరీక్ష ఎలా ఉండాలన్న ప్రశ్న ఈ తీరానికి పరాయిది కాదు. ఇక్కడి థర్మల్ కేంద్రాలకూ ఓడరేవుకూ కూడా అది వర్తిస్తుంది.

2. శ్వాస నుంచి రక్తానికి:

శ్వాసపరీక్ష యంత్రం రక్తాన్ని చూడదు. ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిలోని ఆల్కహాల్ ఆవిరిని కొలిచి, దానిని ఒక స్థిరాంకంతో గుణించి రక్తంలోని పరిమాణంగా చూపిస్తుంది. సాధారణంగా వాడుకలో ఉన్న స్థిరాంకం 2100. అంటే 2100 మిల్లీలీటర్ల శ్వాసలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో ఒక మిల్లీలీటరు రక్తంలో అంతే ఉంటుందని యంత్రం భావిస్తుంది. బ్రిటన్‌లో ఈ స్థిరాంకం 2300. ఒకే మనిషి ఊదిన గాలి రెండు దేశాలలో రెండు వేర్వేరు రక్తపరిమాణాలుగా లెక్కకు వస్తుందన్న మాట.

వాస్తవంలో ఈ నిష్పత్తి మనిషి మనిషికీ మారుతుంది. ఒకే మనిషిలో తాగిన తరువాత గడిచిన కాలాన్నిబట్టి కూడా మారుతుంది. ఒక కార్మికుని అసలు నిష్పత్తి 1700 అనుకుందాం. అతని రక్తంలో 100 మిల్లీలీటర్లకు 25 మిల్లీగ్రాములు మాత్రమే ఉన్నప్పటికీ, 2100తో లెక్కించే యంత్రం దాదాపు 31 అని చూపుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ నిర్దేశించిన పరిమితి 30. ఇతడు పరిమితికి లోబడి ఉండి కూడా దోషి అవుతాడు. తాగి కొన్ని గంటలు గడిచిన వారిలో నిష్పత్తి సగటున 2100 కన్నా ఎక్కువే కనుక యంత్రం చాలాసార్లు తక్కువే చూపుతుందన్నది నిజం. కానీ ఆ సగటు, పరిమితి అంచున నిలిచిన వ్యక్తికి ఉపయోగపడదు. శ్వాస ఉష్ణోగ్రత ప్రభావం కూడా చెప్పుకోదగినది. నోటి నుంచి వెలువడే గాలి 34 డిగ్రీలని యంత్రం అనుకుంటుంది. ఆ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఫలితం సుమారు ఆరున్నర శాతం పెరుగుతుంది. జ్వరంతో పనికి వచ్చిన మనిషి విషయంలో ఇది లెక్కలోకి తీసుకోవలసిన తేడా.

శరీరం ఆల్కహాల్‌ను వదిలించుకునే వేగం తెలిస్తేనే పని వేళలతో పరీక్షను ముడిపెట్టడం సాధ్యమవుతుంది. రక్తంలోని పరిమాణం గంటకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల వరకు తగ్గుతుంది. 15ను మధ్యస్థంగా తీసుకోవచ్చు. అర్ధరాత్రి తాగడం ఆపేసరికి ఒకరి రక్తంలో 150 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుంటే, ఉదయం ఆరు గంటల షిఫ్టుకు వచ్చేసరికి ఇంకా 60 మిగిలి ఉంటాయి. ఆరు గంటలు గడిచాయి, నిద్రపోయాడు, స్నానం చేశాడు, టిఫిను తిన్నాడు. తాను మామూలుగానే ఉన్నాననుకుంటాడు. పని ప్రదేశంలో పట్టుబడేవారిలో ఇటువంటి ‘నిన్నటి మత్తు’ వారిని, డ్యూటీలో తాగేవారిని ఒకే గాటన కట్టడం తరచుగా జరుగుతుంది. ప్రమాదం దృష్ట్యా ఇద్దరూ సమానమే కావచ్చు. క్రమశిక్షణా చర్య దృష్ట్యా కారు.

3. నోటి ఆల్కహాల్ - పదిహేను నిమిషాల నిరీక్షణ:

శ్వాసపరీక్షలో జరిగే తప్పులలో తరచుగా కనిపించేదీ, తేలికగా నివారించదగినదీ నోటి ఆల్కహాల్. నోటి లోపలి పొరపై, లాలాజలంలో, కట్టుడు పళ్ళ సందులలో నిలిచిన ఆల్కహాల్ ఊపిరితిత్తుల గాలిలో కలిసి ఫలితాన్ని అమాంతం పెంచుతుంది. రక్తంలో ఏమీ లేకపోయినా యంత్రం పెద్ద అంకెను చూపగలదు. త్రేన్పుతో కడుపులోని ఆవిరి నోటికి వచ్చినా ఇదే ఫలితం.

2025లో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో జరిగిన సంఘటన ఈ విషయాన్ని సామాన్యులకు కూడా తెలిసేలా చేసింది. బాగా పండిన పనసతొనలు తిని విధులకు వచ్చిన సిబ్బంది శ్వాసపరీక్షలో పాజిటివ్‌గా తేలారు. తాము తాగలేదని వారు పట్టుపట్టగా, అంతకుముందు నెగెటివ్‌గా తేలిన వ్యక్తికి అదే పనసపండు తినిపించి మళ్ళీ పరీక్షించారు. యంత్రం అతనినీ పట్టుకుంది. మిగుల పండిన పండులో చక్కెర పులిసి స్వల్పంగా ఆల్కహాల్ ఏర్పడుతుంది. అది నోటిలో కొన్ని నిమిషాలు నిలుస్తుంది. ఆ డిపోలో సిబ్బంది చేయించిన ప్రయోగం ఏ ప్రయోగశాల నివేదికకూ తీసిపోదు. అది నవ్వు తెప్పించే వార్తగా ప్రచారమైంది గాని, పరీక్షకు ముందు పదిహేను నిమిషాలు ఆగి ఉంటే వార్తే ఉండేది కాదు.

తెలుగునాట పనసపండు కన్నా ఎక్కువగా ఆలోచించవలసింది ఆయుర్వేద ఆసవారిష్టాల గురించి. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం వంటివి పులియబెట్టి తయారుచేసే మందులు. వాటిలో స్వయంగా ఏర్పడిన ఆల్కహాల్ సాధారణంగా 5 నుంచి 10 శాతం వరకు ఉంటుంది. సీసా మీద చీటీలో ఆ విషయం రాసే ఉంటుంది. 60 కిలోల బరువున్న మనిషి 10 శాతం ఆల్కహాల్ ఉన్న అరిష్టాన్ని 30 మిల్లీలీటర్లు తాగాడనుకుందాం. అందులోని ఆల్కహాల్ సుమారు 2.4 గ్రాములు. స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ సూత్రం ప్రకారం లెక్కిస్తే అతని రక్తంలో 100 మిల్లీలీటర్లకు 6 మిల్లీగ్రాముల దగ్గర తేలుతుంది. అరగంటలోపు అదీ పోతుంది. ఆ మోతాదు పనిసామర్థ్యాన్ని దెబ్బతీస్తుందని చెప్పడం కష్టం. కానీ మందు తాగిన రెండు నిమిషాలకు యంత్రంలోకి ఊదితే వచ్చే అంకెకు ఈ 6తో సంబంధమే ఉండదు. ‘సున్నా’ పరిమితి ఉన్నచోట, పదిహేను నిమిషాల తరువాత ఊదినా ఇతడు చిక్కుకునే అవకాశం ఉంది. సున్నా పరిమితి వినడానికి కఠినంగా, నిష్పాక్షికంగా తోస్తుంది. ఆచరణలో అది మందు తాగినవాడినీ మద్యం తాగినవాడినీ ఒకే వరుసలో నిలబెట్టగలదు. మౌత్‌వాష్, కొన్ని దగ్గుమందులు, చేతులకు రాసుకునే శానిటైజర్ ఆవిరి కూడా ఈ కోవలోనివే. గేటు దగ్గర శానిటైజర్ రాసి ఆ చేత్తోనే యంత్రం అందించడం కోవిడ్ కాలం మిగిల్చిన అలవాటు.

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఈ చిక్కును గుర్తించింది. విమాన సిబ్బందికి సున్నా పరిమితిని విధిస్తూనే, పాజిటివ్ వచ్చినప్పుడు పదిహేను నుంచి ఇరవై నిమిషాల వ్యవధిలో రెండవ పరీక్ష జరపాలనీ, దానికి ముందు నోరు కడుక్కునే అవకాశమివ్వాలనీ నిర్దేశించింది. 2023లో చేసిన సవరణలో మౌత్‌వాష్, టూత్ జెల్ వంటివి వాడరాదని సిబ్బందికి ముందుగానే తెలియజేసింది. పరిమితి సున్నా అయినప్పుడు ఏవేవి ఆ సున్నాను చెడగొడతాయో చెప్పవలసిన బాధ్యత పరిమితి పెట్టినవారిదే.

4. రెండవ పరీక్ష - ఒక చిన్న లెక్క:

యంత్రం 99 శాతం కచ్చితమైనదని అమ్మకందారు చెప్పినప్పుడు, పాజిటివ్ వచ్చిన ప్రతి వందమందిలో తొంభైతొమ్మిదిమంది తాగినవారేనని అనుకోవడం సహజం. ఇది తప్పుడు నిర్ణయం. ఉదాహరణకు ఒక నిర్మాణ స్థలంలో నెలకు 3000 పరీక్షలు జరుగుతాయనీ, వాటిలో నిజంగా పరిమితి దాటినవారు 10 మంది మాత్రమేననీ ఊహిద్దాం. తాగినవారిలో 95 శాతాన్ని యంత్రం పట్టుకుంటుంది. తాగనివారిలో 99 శాతాన్ని వదిలేస్తుంది. అప్పుడు పట్టుబడే తాగుబోతులు తొమ్మిదీ పదీ మధ్య ఉంటారు. తాగని 2990 మందిలో ఒక శాతం, అంటే ముప్పైమంది కూడా పట్టుబడతారు. మొత్తం నలభైమంది పాజిటివ్‌లలో నలుగురికి ముగ్గురు నిర్దోషులు. పనిప్రదేశంలో తాగివచ్చేవారు ఎంత అరుదైతే, పట్టుబడినవారిలో నిర్దోషుల పాలు అంత పెరుగుతుంది. క్రమశిక్షణ బాగా ఉన్న కేంద్రంలోనే ఈ అన్యాయం ఎక్కువ జరిగే అవకాశం ఉండడం గమనార్హం.

ఈ ముప్పైమందికి రెండవ పరీక్ష జరిపితే, అది మొదటిదానితో సంబంధం లేకుండా తప్పుచేసేదైతే, వారిలో మళ్ళీ తప్పుగా తేలేవారు నూటికి ఒకరు. అంటే మూడు నెలలకు ఒక్కరు. లెక్కలో ఇది అద్భుతమైన మెరుగుదల. అయితే ‘సంబంధం లేకుండా’ అన్న షరతు ఇక్కడ కీలకం. మొదటి తప్పుకు కారణం నోటిలోని పనసతొన అయితే, అరనిమిషం తరువాత అదే యంత్రంలో మళ్ళీ ఊదించడం వల్ల అదే తప్పు రెండుసార్లు నమోదవుతుంది. ‘రెండుసార్లు పాజిటివ్ వచ్చింది’ అన్న మాటకు కాగితం మీద బలం పెరుగుతుంది; నిజానికి ఒక్క రవ్వ కూడా దగ్గరకాము. క్రమాంకనం తప్పిన యంత్రం విషయంలోనూ అంతే. కనుక రెండు పరీక్షల మధ్య కాలవ్యవధి ఉండాలి, వీలైతే యంత్రమూ మారాలి. ఈ రెండూ లేని రెండవ పరీక్ష మొదటిదానికి నకలు మాత్రమే.

5. అణుకేంద్రాల నిబంధనలు:

అమెరికాలో అణువిద్యుత్ కేంద్రాల సిబ్బంది విధియోగ్యతపై నియమావళి 1989లో వెలువడింది. దానికి రెండేళ్ళ ముందు, 1987 మార్చిలో, పెన్సిల్వేనియాలోని పీచ్ బాటమ్ కేంద్రాన్ని కంట్రోల్ రూమ్ సిబ్బంది విధిలో నిద్రపోతున్నారన్న కారణంతో నియంత్రణ సంఘం మూయించింది. రియాక్టరు సక్రమంగా ఉన్నా దాని ముందు కూర్చున్న మనిషి సక్రమంగా లేకపోతే కేంద్రం నడపరాదన్న సూత్రానికి అది స్పష్టమైన నిదర్శనం. మద్యం, మాదకద్రవ్యాలు, అలసట మూడింటినీ ఒకే నియమావళి కిందకు తీసుకురావడం 2008 సవరణతో పూర్తయింది.

ఈ నియమావళిలో మద్యపరీక్షకు సంబంధించి మెచ్చుకోదగినది కాలాన్నిబట్టి మారే పరిమితి. ఎప్పుడు పరీక్షించినా 0.04 శాతం, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 40 మిల్లీగ్రాములు, ఉల్లంఘన. విధిలో చేరి గంట దాటితే 30, రెండు గంటలు దాటితే 20 చాలు. శరీరం గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున వదిలించుకుంటుంది కనుక, రెండు గంటల పని తరువాత 20 కనిపించిన వ్యక్తి విధిలో చేరినప్పుడు 50 వరకు ఉండి ఉంటాడని ఈ పరిమితుల వెనుక తర్కం. పైన చెప్పిన అర్ధరాత్రి తాగి ఆరు గంటలకు వచ్చిన ఉద్యోగిని ఈ కొలతతో చూద్దాం. ఆరింటికి 60, ఏడింటికి 45, ఎనిమిదింటికి 30: మూడు వేళలలోనూ పట్టుబడతాడు. తొమ్మిదింటికి అతనిలో మిగిలేది 15. ఇది 20 కన్నా తక్కువ కనుక ఫలితం నెగెటివ్. అయినా విధిలో మూడు గంటలు దాటిన వ్యక్తిలో 10కి మించి కనిపిస్తే, నెగెటివ్‌గా ప్రకటిస్తూనే యాజమాన్యానికి తెలియజేసి అతని విధియోగ్యతను నిర్ణయించాలని నియమం చెబుతోంది. శిక్షించడానికి చాలని ఆధారం జాగ్రత్తపడడానికి చాలుతుంది. ఈ రెండింటినీ విడదీయడం మన దేశంలోని పద్ధతులలో అంతగా కనిపించదు.

విధికి ముందు ఐదు గంటలు మద్యం ముట్టరాదన్న నియమం కూడా అందులో ఉంది. పై ఉదాహరణలోని ఉద్యోగి ఆరు గంటలు ముట్టలేదు, నియమం పాటించాడు, అయినా 60తో వచ్చాడు. గంటల నియమం కన్నా పరిమాణ నియమమే అవసరమనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. మన విమాన సిబ్బందికి ఉన్న పన్నెండు గంటల నియమం ఈ దృష్ట్యా మెరుగైనది.

పరీక్షా విధానం కూడా అంతే వివరంగా ఉంది. గత పదిహేను నిమిషాలలో ఏమైనా తిన్నారా, తాగారా, నోటిలో ఏమైనా ఉంచుకున్నారా, త్రేన్పు వచ్చిందా అని అడుగుతారు. అవునంటే పదిహేను నిమిషాలు ఆపుతారు. ప్రాథమిక పరీక్షలో 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి వస్తే, అరగంటకు మించకుండా నిర్ధారణ పరీక్ష జరుపుతారు. నిర్ధారణకు వాడే యంత్రం సాక్ష్యస్థాయి యంత్రాల ఆమోదిత జాబితాలోనిదై, ప్రతి పరీక్షకు ముందు ఖాళీ గాలిని పరీక్షించి తన సున్నాను తాను చూసుకోగలిగి, వరుస సంఖ్యతో ఫలితాన్ని ముద్రించగలిగి ఉండాలి.

ఆకస్మిక పరీక్షల సంఖ్య మొదట ఏటా సిబ్బంది సంఖ్యకు సమానంగా ఉండేది. 1994 నుంచి అందులో సగం. ఎంపికైనవారి పేరు తిరిగి జాబితాలో కలుపుతారు కనుక కొందరికి రెండుసార్లు వస్తుంది, చాలామందికి అసలు రాదు. సగం చొప్పున తీస్తే ఏడాదిలో ఒక్కసారీ పిలుపు రానివారు నూటికి అరవైమంది దాకా ఉంటారు. పైగా ఆల్కహాల్ కొన్ని గంటలలో శరీరం నుంచి పోతుంది. కాబట్టి ఆకస్మిక పరీక్ష తాగివచ్చేవారిని పట్టే వల కాదు, భయపెట్టే సాధనం. అసలు పట్టుకోవలసింది పక్కనున్న తోటి ఉద్యోగి, సూపర్‌వైజరు. ప్రవర్తనను గమనించే శిక్షణ ఆ నియమావళిలో తప్పనిసరి కావడానికి కారణమిదే.

6. యంత్రం, క్రమాంకనం, తీరపు గాలి:

బజారులో చవకగా దొరికే యంత్రాలలో టిన్ ఆక్సైడ్ సెన్సారు ఉంటుంది. ఇది ఆల్కహాల్‌తోపాటు ఇతర ఆవిరులకూ స్పందిస్తుంది. మధుమేహం అదుపు తప్పినవారి శ్వాసలోని అసిటోన్ అందులో ఒకటి. గాలిలో తేమ, వేడి మారినా దీని అంకె మారుతుంది. ప్లాటినం ఎలక్ట్రోడులు గల ఫ్యూయల్ సెల్ యంత్రం అసిటోన్‌ను పట్టించుకోదు. అయితే ఇథనాల్‌ను, శానిటైజర్లలో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను వేరుచేయలేదు. పరారుణ కాంతితో పనిచేసే పెద్ద యంత్రం ఊదుతున్నంతసేపూ ఆవిరి పరిమాణం ఎలా మారుతున్నదో చూడగలదు. నోటి ఆల్కహాల్ అయితే మొదట ఒక్కసారిగా ఎగసి పడిపోతుంది. రక్తం నుంచి వచ్చినదైతే క్రమంగా పెరిగి నిలుస్తుంది. గేటు దగ్గర చేతిలో పట్టుకునే ఫ్యూయల్ సెల్ యంత్రం, వైద్యకేంద్రంలో పరారుణ యంత్రం అనే జోడింపు అణుకేంద్రానికి తగినది. వేరు సూత్రాలపై పనిచేసే రెండు యంత్రాలు ఒకే తప్పు చేసే అవకాశం తక్కువ.

నెల్లూరు తీరంలో మే నెల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. సముద్రపు గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. సెక్యూరిటీ గదిలో రేకుల కప్పు కింద, కిటికీ పక్కన పెట్టిన యంత్రం తయారీదారు పేర్కొన్న ఉష్ణోగ్రతా పరిధిలో ఉన్నదో లేదో ఎవరూ చూడరు. ఏడాదికొకసారి క్రమాంకన ధ్రువపత్రం తెచ్చుకోవడంతో బాధ్యత తీరిందనుకుంటారు. 34 డిగ్రీల వద్ద ఉంచిన ఆల్కహాల్ ద్రావణం ఆవిరితోగాని, సిలిండరులోని ప్రమాణవాయువుతోగాని షిఫ్టు ఆరంభంలో ఒకసారి సరిచూసుకోవడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అప్పుడు ఒక యంత్రం తప్పిందని తేలితే, చివరిసారి సరిగ్గా ఉన్నప్పటి నుంచి దానితో తేల్చిన పాజిటివ్‌లన్నింటినీ తిరగదోడవలసి ఉంటుంది. క్రమాంకనాన్ని తరచుగా చేయడానికి యాజమాన్యాలు వెనుకాడడంలో ఈ భయానికీ కొంత పాత్ర ఉన్నట్లు తోస్తుంది. సాక్ష్యస్థాయి శ్వాసవిశ్లేషక యంత్రాలకు అంతర్జాతీయ న్యాయకొలతల సంస్థ ప్రమాణం ఉంది. 2025లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ యంత్రాలను తూనికలు-కొలతల నిబంధనల పరిధిలోకి తెచ్చే ముసాయిదాను ప్రకటించింది. కూరగాయల తక్కెడకు ముద్ర తప్పనిసరి చేసిన దేశంలో, మనిషి ఉద్యోగాన్ని తూచే యంత్రానికి ముద్ర ఆలోచన ఇంత ఆలస్యంగా రావడం ఆశ్చర్యమే.

7. కాంట్రాక్టు కార్మికుడు - పరీక్షా పత్రం:

బచూభాయ్ హసనల్లీ కర్యానీ కేసులో సుప్రీంకోర్టు 1971లో, నోటి వాసన, తూలుతున్న నడక, విప్పారిన కనుపాపల ఆధారంగా మాత్రమే ఒక వ్యక్తి మద్యం మత్తులో ఉన్నాడని నిర్ధారించలేమని చెప్పింది. అది వాహన ప్రమాద కేసు. రక్తపరీక్ష, మూత్రపరీక్ష లేకపోవడం ఆ తీర్పులో ముఖ్యాంశం. పనిప్రదేశాలలో శ్వాసపరీక్ష విస్తరించడం ఒక రకంగా ఈ లోటును తీర్చింది. సూపర్‌వైజరు ముక్కును నమ్ముకోవలసిన అవసరం తగ్గింది. అయితే ముక్కును ప్రశ్నించినంత తేలికగా కార్మికుడు యంత్రాన్ని ప్రశ్నించలేడు.

అమెరికా నియమావళి కేంద్రంలో స్వేచ్ఛగా ప్రవేశించే కాంట్రాక్టు సిబ్బందికీ సమానంగా వర్తిస్తుంది. మొదటి ఉల్లంఘనకు కనీసం 14 రోజులు, రెండవదానికి ఐదేళ్ళు ప్రవేశం నిలిపివేస్తారు. పరీక్షను మోసగించడానికి ప్రయత్నిస్తే శాశ్వతంగా. దానితోపాటు నిర్ణయంతో సంబంధం లేని వ్యక్తిచేత పునఃపరిశీలన కోరే హక్కు కూడా ఉంది. మన తీరంలోని పెద్ద కేంద్రాలలో బొగ్గు, బూడిద, మరమ్మతుల పనులలో కాంట్రాక్టు కార్మికులే ఎక్కువ. శాశ్వత ఉద్యోగికి పాజిటివ్ వస్తే అభియోగపత్రం, విచారణ, వివరణ ఉంటాయి. దినకూలికి గేటు పాసు వెనక్కి తీసుకుంటే చాలు. అది శిక్షగా కూడా నమోదు కాదు. పై లెక్కలోని ముప్పైమంది నిర్దోషులలో ఎక్కువమంది ఏ వర్గంవారై ఉంటారో ఊహించడం కష్టం కాదు. నమోదు లేని తప్పును ఏ గణాంకమూ పట్టుకోదు కనుక, యంత్రం తప్పులు కూడా అక్కడే దాగిపోతాయి.

దీనికి కావలసిన ఏర్పాట్లు సాంకేతికంగా చిన్నవి. పాజిటివ్ వచ్చిన క్షణం నుంచి నిర్ధారణ ఫలితం వచ్చేవరకు ఆ మనిషిని ప్రమాదకరమైన పనికి దూరంగా, నీడలో కూర్చోబెట్టాలి; ఆ సమయానికి కూలి కోయరాదు. ఏ మందులు వాడుతున్నాడో అడిగి రాసుకోవాలి. నిర్ధారణ పరీక్షలోనూ పాజిటివ్ వస్తే, అతను కోరినప్పుడు వెంటనే రక్తనమూనా తీయించాలి; శరీరం గంటకు 15 మిల్లీగ్రాములు వదిలించుకుంటున్నప్పుడు ‘రేపు ఆస్పత్రికి వెళ్ళి చేయించుకో’ అనడంలో అర్థం లేదు. యంత్రం ముద్రించిన చీటీ నకలు అతని చేతికి ఇవ్వాలి. అందులో యంత్రం వరుస సంఖ్య, చివరిసారి సరిచూసిన తేదీ, రెండు పరీక్షల సమయాలు, రెండు అంకెలు, కొలమానం తెలుగులో ఉండాలి. కొలమానం ప్రత్యేకంగా పేర్కొనవలసినదే. రక్తంలో 30 మిల్లీగ్రాములు, 0.03 శాతం, లీటరు శ్వాసలో 0.143 మిల్లీగ్రాములు అన్నవి ఒకే విలువకు మూడు రూపాలు. వాటిలో ఏది రాశారో తెలియని చీటీతో కార్మికుడు ఏ అధికారి దగ్గరికి వెళ్ళినా చూపించగలిగేది ఒక అంకె మాత్రమే.